తెర మీద బంతి, చేతిలో బంతి

(పిల్లల ఎదుగుదలపై తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాధన చేయించే నిపుణురాలు) చేసిన ప్రసంగం, అక్షరరూపంలో)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే కారణం నాకు తెలుసు. ఫోన్ దగ్గర గొడవ జరగని ఇల్లు ఇప్పుడు లేదు. (నవ్వులు) గేములు విషం అని నా నోటితో చెప్పిస్తే, ఇంటికెళ్ళి పిల్లల మీద ఆ మాట వాడుకుందామని కొందరు వచ్చారు. మా వాడికి గేములతో బుర్ర పెరుగుతోందని నేనంటే ఊపిరి పీల్చుకుందామని ఇంకొందరు వచ్చారు. ఇద్దరికీ కొంచెం నిరాశే.

నేను చెప్పేది ఒక్కటే. గేము పిల్లల చేత ఏ పని చేయిస్తుందో ఆ పనే నేర్పుతుంది. పక్క పని నేర్పదు. కాబట్టి మా అమ్మాయి ఎంతసేపు ఆడుతోంది అని అడిగే ముందు, ఆడేటప్పుడు దాని కళ్ళు, చేతులు, బుర్ర ఏం చేస్తున్నాయి అని చూడాలి. ఆ సమయంలో ఏ పని మానేసిందో కూడా చూడాలి.

ముందు మంచి సంగతులు చెప్తాను. ఎలాగూ పిల్లలు యూట్యూబ్‌లో చూసి మన మీద ప్రయోగిస్తున్నారు కదా. 2003లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి షాన్ గ్రీన్, డాఫ్నీ బవేలియర్ 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. యాక్షన్ గేములు ఆడే అలవాటున్నవాళ్ళు ఎదురుగా చూస్తూనే పక్కల్లో కదిలేవాటిని కూడా చప్పున పసిగడుతున్నారు, ఒకేసారి ఎక్కువ వస్తువులను గమనించగలుగుతున్నారు. సరే, చురుకైనవాళ్ళే ఈ గేములు ఆడుతున్నారేమో కదా? అది తేల్చడానికి అలవాటు లేనివాళ్ళను తీసుకుని రోజుకు గంట చొప్పున పది రోజులు యుద్ధం గేము ఆడించారు. వాళ్ళకూ ఆ చురుకు పెరిగింది. ఇంకొందరికి అదే లెక్కన టెట్రిస్, అంటే పైనుంచి పడే ముక్కలను పేర్చే గేము ఆడించారు. వాళ్ళకు అంత పెరగలేదు. రెండూ గేములే, ఆడిన గంటలూ అన్నే. యుద్ధం గేములో శత్రువు ఏ మూల నుంచి వస్తాడో తెలియదు కాబట్టి చూపు నలువైపులా పరచాలి. టెట్రిస్‌లో పడుతున్న ఒక్క ముక్క మీద చూపు నిలపాలి. ఏది అడిగితే అది వచ్చింది.

ఇందులో ఒక మెలిక ఉంది. వాళ్ళంతా పద్దెనిమిది దాటినవాళ్ళు. 'గేములతో పిల్లల మెదడుకు పదును' అని పేపర్లో హెడ్డింగ్ కనబడితే లోపలికి వెళ్ళి చదవండి. చాలాసార్లు ఆ పిల్లలు కాలేజీ విద్యార్థులై ఉంటారు.

ఇంకొకటి మీరు వినే ఉంటారు, సర్జన్ల సంగతి. 2007లో న్యూయార్క్‌లో 33 మంది సర్జన్లను పరీక్షించారు. గతంలో వారానికి మూడు గంటలకు పైగా వీడియో గేములు ఆడినవాళ్ళు లాపరోస్కోపీ సాధనలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు, 27 శాతం వేగంగా ముగించారు. ఆశ్చర్యమేమీ లేదు. లాపరోస్కోపీ అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా, పనిముట్లు లోపలికి పంపి, తెర వైపు చూస్తూ చేతులు కదిలించడం. గేము చేయించేదీ అదే. మా వాడికి ఫోన్ ఇస్తే సర్జన్ అవుతాడా అని మాత్రం అడగొద్దు. మధ్యలో నీట్ ఉంది. (నవ్వులు)

నిజంగా పిల్లలతో చేసిన పరిశోధనల్లో నాకు బాగా నచ్చింది ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ప్రచురించినది. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది ఉన్న పిల్లలకు మొత్తం పన్నెండు గంటల పాటు యాక్షన్ గేములు ఆడించారు. చదివే వేగం పెరిగింది, తప్పులు పెరగలేదు. మనకు ఇది ఎందుకు పట్టించుకోదగ్గదంటే, ఇటాలియన్ కూడా మన తెలుగులాగే దాదాపు రాసినట్టే చదివే భాష. అలాంటి భాషల్లో ఈ ఇబ్బంది ఉన్న పిల్లలు తప్పుగా చదవడం కన్నా నెమ్మదిగా చదవడం ఎక్కువ. పదం మీద చూపు సరైన చోట ఆగి, సరైన వేళకు ముందుకు జరగాలి. ఆ గేము ఆ చూపునే సాధన చేయించింది. అయితే అది ఇరవై మంది పిల్లలతో చేసిన పరిశోధన. దాన్ని పట్టుకుని నేను ఎవరికీ చికిత్స రాసివ్వను.

చికిత్స అంటే గుర్తొచ్చింది. 2020 జూన్‌లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒక వీడియో గేమును ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవని, కుదురుగా ఉండలేని ఇబ్బంది ఉన్న 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు డాక్టర్ చీటీ మీద ఇవ్వొచ్చని అనుమతించింది. పేరు ఎండెవర్‌ఆర్‌ఎక్స్. ముందు 348 మంది పిల్లలతో పరీక్షించారు. రోజుకు 25 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. కంప్యూటర్ మీద పెట్టే ఏకాగ్రత పరీక్షలో స్కోరు మెరుగైంది. మరి ఇంట్లో అమ్మానాన్నలు ఏమన్నారు? ఆ గేము ఆడిన పిల్లల తల్లిదండ్రులూ కొంచెం నయం అన్నారు, పోలిక కోసం మామూలు పదాల గేము ఆడించిన పిల్లల తల్లిదండ్రులూ కొంచెం నయం అన్నారు. తేడా తేలలేదు. కంప్యూటర్ ముందు చేసిన సాధన కంప్యూటర్ ముందు పెట్టిన పరీక్షకు ఉపయోగపడింది. హోంవర్క్ దగ్గరికి వచ్చేసరికి అంత స్పష్టంగా కనబడలేదు.

మెదడుకు పదును పెడతాం అని ప్రకటనలిచ్చే యాప్‌లు కూడా ఇంతే. లూమోసిటీ అనే యాప్ నడిపే సంస్థ అలాంటి ప్రకటనలకు తగ్గ ఆధారాలు చూపలేక 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. వాటికి డబ్బు కట్టొద్దు. దాని గురించి ఇంతకంటే మాట్లాడే పని లేదు.

ఇప్పుడు నా అసలు విషయానికి వస్తాను. చేతులు, కాళ్ళు, వెన్ను.

మా దగ్గరికి ఏడెనిమిదేళ్ళ పిల్లలు వస్తుంటారు. ఫోన్ ఇస్తే రెండు బొటనవేళ్ళు మెరుపులా కదులుతాయి. చొక్కా గుండీ పెట్టుకోమంటే అమ్మ వైపు చూస్తారు. పెన్సిల్ పట్టుకుని నాలుగు వరుసలు రాసేసరికి చెయ్యి నొప్పి అంటారు. తల్లులు వెంటనే ఫోన్ వల్లేనా మేడమ్ అంటారు. అంత తొందరగా తీర్పు చెప్పలేను. ఎందుకంటే రోజూ ఆ గుండీ పెడుతున్నది అమ్మే. వ్యాన్ వచ్చేస్తుంది కదా, టెన్షన్. గుండీ పెట్టుకునే అవకాశం పిల్లవాడికి రాలేదు. అందులో ఫోన్ వాటా ఎంత, మన వాటా ఎంత అని లెక్క తీయడం కష్టం.

బ్రిటన్‌లో 715 కుటుంబాలను అడిగి చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. టచ్‌స్క్రీన్‌ను వేలితో జరపడం తొందరగా మొదలుపెట్టిన పసిపిల్లలు, చెక్క దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా తొందరగానే మొదలుపెట్టారు. నడకకూ మాటకూ దీంతో సంబంధం కనబడలేదు. తెర వల్ల వేళ్ళు చురుకయ్యాయా, వేళ్ళు చురుకైన పిల్లలు రెండూ ముందే చేశారా అనేది ఆ అధ్యయనం తేల్చదు. కానీ టచ్‌స్క్రీన్ ముట్టుకుంటే వేళ్ళు మొద్దుబారిపోతాయని చెప్పేవాళ్ళు దీన్ని చూడాలి.

ఇంకో వైపు చూడండి. అమెరికాలో పదిహేను నెలల పిల్లలకు ఒక బొమ్మ మీద మీట నొక్కడం చూపించారు. కొందరికి నిజం బొమ్మ మీద, కొందరికి అదే బొమ్మను టచ్‌స్క్రీన్ మీద. ఎక్కడ చూపిస్తే అక్కడ బాగానే నొక్కారు. తెర మీద చూసినవాళ్ళకు నిజం బొమ్మ ఇస్తే తడబడ్డారు. నిజం బొమ్మ మీద చూసినవాళ్ళు తెర ముందు తడబడ్డారు. మనకు రెండూ ఒకటే బొమ్మ. పసివాడికి అవి రెండు వేర్వేరు ప్రపంచాలు.

ఎందుకో ఒక్క బంతి పట్టుకోవడంతో చూద్దాం. మీరు విసిరారు, ఆరేళ్ళ పిల్ల పట్టుకోవాలి. బంతి ఎక్కడికి వస్తుందో కళ్ళు ముందే అంచనా కట్టాలి. పాదాలు అటు జరగాలి. చేతులు చాచినప్పుడు ముందుకు పడిపోకుండా నడుము, వెన్ను నిలబడాలి. వేళ్ళు ముందు తెరుచుకుని, బంతి తగిలిన క్షణంలో మూసుకోవాలి. ముందే మూస్తే వేళ్ళకు తగిలి పోతుంది, ఆలస్యమైతే గుండెకు తగులుతుంది. బంతి బరువెంతో కీళ్ళు, కండరాలు మెదడుకు చెప్తాయి. ఒళ్ళు ఎటు వాలిందో చెవి లోపలి భాగం చెప్తుంది. రబ్బరు బంతికి పట్టిన పట్టు టెన్నిస్ బంతికి సరిపోదు, మళ్ళీ సర్దుకోవాలి. పోయిన ప్రతి క్యాచూ ఒక పాఠమే.

ఇదే బంతి ఫోన్‌లో ఉంటే? బరువు లేదు. మామిడికాయ, బండరాయి, కత్తి, అన్నీ ఒకటే నున్నటి అద్దం. కళ్ళకు పని ఉంది, రెండు వేళ్ళకు పని ఉంది. మిగతా ఒళ్ళు సోఫాకు అప్పగించాం.

మరి ఒళ్ళంతా కదిలించి ఆడే గేములున్నాయి కదా అని ఇక్కడ ఇంజినీర్ నాన్నలు అడుగుతారు. ఉన్నాయి. 2006లో చేతిలో రిమోట్ ఊపుతూ ఆడే నింటెండో వీ వచ్చింది, 2010లో కెమెరాతో ఒంటి కదలికలను పసిగట్టే కైనెక్ట్ వచ్చింది. మేమంతా సంబరపడ్డాం. హ్యూస్టన్‌లో 9 నుంచి 12 ఏళ్ళ పిల్లల ఇళ్ళకు వీ గేములు ఇచ్చి పదమూడు వారాలు చూశారు. కూర్చుని ఆడే గేములు ఇచ్చిన పిల్లల కన్నా వీళ్ళు రోజు మొత్తం మీద ఎక్కువ కదిలిందేమీ లేదు. ఆస్ట్రేలియాలో నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆరు వారాలు కైనెక్ట్ ఆటలు ఆడించారు. బంతి విసరడం, పట్టడం, తన్నడం లాంటి నైపుణ్యాలు చెప్పుకోదగ్గంత మెరుగుపడలేదు. కారణం మీ పిల్లలను అడగండి, వాళ్ళే చెప్తారు. వీలో ఉన్న బౌలింగ్ గేముకు భుజం తిప్పక్కర్లేదు, మణికట్టు కాస్త విదిలిస్తే చాలు. పిల్లలు పది నిమిషాల్లో ఆ కిటుకు కనిపెట్టేస్తారు. కనిపెట్టడం తెలివే, కాదనను. కానీ విసరడం రాలేదు.

మన ఆటల్లోనే ఇంకా తేటగా కనబడుతుంది. లాక్‌డౌన్‌లో అందరూ లూడో కింగ్ ఆడారు కదా? పాత బోర్డు మీద ఆడినప్పుడు పిల్ల ఏం చేసేది? పాచిక గుప్పిట్లో గిలకొట్టి వేయాలి. చుక్కలు చూసి ఐదు అనుకోవాలి. కాయను రెండు వేళ్ళతో పట్టి ఒకటి, రెండు, మూడు అని గళ్ళు లెక్కపెడుతూ జరపాలి. తమ్ముడు ఆరు గళ్ళు జరిపితే పట్టుకోవాలి. యాప్‌లో నొక్కితే పాచిక పడుతుంది, నొక్కితే కాయ దానంతటదే వెళ్ళిపోతుంది. ఏ కాయ కదపాలి అన్న ఆలోచన మిగిలింది, అది మంచిదే. లెక్కా పోయింది, వేళ్ళ పనీ పోయింది. తమ్ముడి దొంగాట కూడా పోయింది, దానితో పాటు ఆ తగాదా తీర్చుకునే చదువూ పోయింది.

వామన గుంటలూ అంతే. పద్నాలుగు గుంటల్లో చింతపిక్కలు గుప్పిట పట్టి ఒక్కో గుంటలో ఒక్కటే జారవిడవాలి. అరచేతిలో ఉన్న గింజల్లోంచి ఒక్కదాన్ని వేళ్ళ కొసలకు తెచ్చుకోవడం ఎంత కష్టమో ఇంటికెళ్ళి చేసి చూడండి. పెన్సిల్‌ను చేతిలోనే ముందుకూ వెనక్కూ జరుపుకునే కండరాల పని అది. మా క్లినిక్‌లలో ఖరీదైన ప్లాస్టిక్ సామాను పెట్టి చేయించేదీ అదే. అదే తరహా ఆట ఫోన్‌లో ఉంటే గుంట మీద వేలు పెట్టగానే గింజలన్నీ వాటంతటవే పంచుకుంటాయి. అచ్చంగిల్లాల్లో రాయి గాల్లో ఉండగానే కింద రాళ్ళు ఊడ్చి, మళ్ళీ పైనుంచి వచ్చేదాన్ని పట్టాలి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి మీద వంగాలి. బిళ్ళంగోడు, తెలంగాణ వాళ్ళయితే చిర్రగోనె అంటారు, అందులో లేచిన పుల్లను గాల్లో కొట్టాలి.

ఆ రోజులే బంగారం అని నేను పాట పాడట్లేదు. ఆ రోజుల్లో పదకొండో ఏడు రాగానే ఆడపిల్లలను వీధిలోంచి లోపలికి పిలిచేసేవారు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడిని ఎవరూ ఆటకు పిలిచేవారు కాదు. ఇప్పుడు అలాంటి పిల్లవాడు ఆన్‌లైన్‌లో అందరితో సమానంగా ఆడుతున్నాడు. నా దగ్గరికి వచ్చే ఇద్దరు ముగ్గురు పిల్లలకు స్నేహితులు దొరికింది మైన్‌క్రాఫ్ట్ అనే గేములోనే. వాళ్ళ ఫోన్ లాగేయమని నేను ఎప్పటికీ చెప్పను.

ఇక సమయం సంగతి. నా దృష్టిలో గేములో ఏముందన్న దానికన్నా ఇది పెద్ద సమస్య. 2010లో అమెరికాలో రాబర్ట్ వైస్, బ్రిటనీ సెరంకోస్కీ ఒక మంచి ప్రయోగం చేశారు. ఇంట్లో గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి గేములు ఆడే పెట్టె లేని 64 మంది మగపిల్లలను తీసుకున్నారు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళు. సగం మందికి వెంటనే ప్లేస్టేషన్ ఇచ్చారు. మిగతావాళ్ళకు నాలుగు నెలల తర్వాత ఇస్తామన్నారు. నాలుగు నెలలకు చూస్తే ముందు అందుకున్నవాళ్ళు చదవడంలో, రాయడంలో వెనకబడ్డారు. గేము వాళ్ళ మెదడును పాడుచేసిందని కాదు. బడి నుంచి వచ్చాక పుస్తకం దగ్గర గడిపే వేళ గేముకు వెళ్ళిపోయింది, అంతే. మన ఇళ్ళల్లో అయితే ఆ వేళ పుస్తకం నుంచి పోదు, ట్యూషన్ ఉంది కదా. నిద్ర నుంచి పోతుంది. వీధిలో ఆడే వేళ నుంచి పోతుంది.

వీధి వేళ పోతే కళ్ళకూ నష్టమే. ఆరుబయట వెలుతురులో కంటి లోపలి పొర అయిన రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది, కనుగుడ్డు మరీ పొడవుగా సాగకుండా అది ఆపుతుందని అనుకుంటున్నారు. పిల్లల్లో హ్రస్వదృష్టితో, అంటే దూరంవి మసకగా కనబడే ఇబ్బందితో సతమతమైన తైవాన్ 2010 నుంచి పిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచమని బడులకు చెప్తోంది. ఆరుబయట అంటే గ్రౌండే కానక్కర్లేదు, మేడ మీదైనా సరే.

ఐదేళ్ళ లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇది. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళు తెర ముందు కూర్చునేది గంటకు మించకూడదు, రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదలాలి. అందరూ మొదటి అంకె గుర్తుపెట్టుకుంటారు, రెండోది వదిలేస్తారు. నాకు రెండోదే ముఖ్యం.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. అటు వెనక, చెప్పండి నాన్నా.

(ఒక తండ్రి: మేడమ్, రోజుకు మూడు గంటలు ఆడే పిల్లలు తెలివిగా ఉన్నారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?)

ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. 2022లో తొమ్మిది, పదేళ్ళ పిల్లలు దాదాపు రెండు వేల మంది మీద వచ్చిన అధ్యయనం. అసలు ఆడనివాళ్ళ కన్నా మూడు గంటలకు పైగా ఆడేవాళ్ళు జ్ఞాపకం, తమాయించుకోవడం పరీక్షించే పనుల్లో మెరుగ్గా చేశారు. ఆ పనులు కూడా తెర చూస్తూ మీట నొక్కేవే. ఆడడం వల్లే మెరుగయ్యారని అందులో లేదు. తర్వాతి ఏడాది ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుని, సరిదిద్ది మళ్ళీ ప్రచురించారు కూడా. వాట్సాప్‌కు ఆ రెండో కబురు రాలేదు. (నవ్వులు)

(ఒక తల్లి: ఫోన్ తీసుకుంటే మా పెద్దాడు వస్తువులు విసిరేస్తాడండీ. ఇది అడిక్షనా?)

ఎప్పుడు తీసుకుంటారమ్మా? ఆట మధ్యలోనా? (తల్లి: అవునండీ, అన్నానికి పిలిచినప్పుడు.) బీజీఎంఐ అనే తుపాకుల గేములో పెద్ద మ్యాప్ మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. ఆపి మళ్ళీ ఆడే వీలుండదు. మధ్యలో లేస్తే తనతో ఆడుతున్న ముగ్గురు తిడతారు. క్రికెట్ ఆడే పిల్లవాడిని ఓవర్ మధ్యలో చెవి పట్టుకుని లాక్కొస్తే వాడూ అరుస్తాడు. మ్యాచ్ మొదలవకముందే చెప్పండి, 'ఇదొక్కటి, తర్వాత అన్నం' అని. అప్పటికీ ఆపకపోతే అప్పుడు గట్టిగా ఉండండి. జబ్బు అనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత పెట్టింది. ఆట మీద అదుపు తప్పాలి, మిగతా అన్నిటికన్నా ఆటే ముందుండాలి, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవాలి, మామూలుగా ఇదంతా ఏడాది పాటు సాగాలి. చదువు, నిద్ర, తిండి, స్నేహాలు దెబ్బతింటున్నాయా చూడండి. దెబ్బతింటుంటే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, సిగ్గుపడాల్సింది లేదు. విసరడం ఒక్కటే అయితే ముందు నేను చెప్పింది చేసి చూడండి.

ఇంకొక్కటి తీసుకుంటాను. మామ్మగారూ, మైకు తీసుకోండి.

(ఒక పెద్దావిడ: మా మనవడికి మూడేళ్ళమ్మా. ఫోన్‌లో ఆ బెలూన్లు పగలగొట్టే ఆట పెట్టకపోతే నోరు తెరవడు. నేనేం చెయ్యను?)

మీరొక్కరే కాదు మామ్మగారూ, ఈ హాల్లో సగం ఇళ్ళలో అదే జరుగుతోంది. చేతులెత్తమంటే ఎత్తరు గానీ. (నవ్వులు) వాడు బెలూన్లు పగలగొడుతుంటే మీరు ముద్ద పెడుతున్నారు. ఏం తిన్నాడో, ఎప్పుడు కడుపు నిండిందో వాడికి తెలియదు. పప్పన్నం కలిపి, వేళ్ళతో ముద్ద చేసి, జారిపోకుండా నోటి దాకా తీసుకెళ్ళడం మూడేళ్ళవాడికి పెద్ద పని. ఆ పని వాడి చేతికి ఇవ్వండి. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి, వాడితో పాటు మీరూ కూర్చుని తినండి. మొదట్లో తక్కువ తింటాడు, ఏడుస్తాడు. కంగారుపడి వెంటనే ఫోన్ తెచ్చారో, ఏడిస్తే వస్తుందని వాడికి నేర్పినట్టే. బరువు పెరగట్లేదనిపించినా, గట్టి పదార్థాలు నమలలేక ఉమ్మేస్తున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి, అది వేరే సంగతి. లేదంటే కింద పాత పేపర్ పరిచి, చిన్న పళ్ళెంలో కొంచెమే పెట్టి వదిలేయండి. సగం మెతుకులు నేల మీదే ఉంటాయి. కోడలు ఏమైనా అంటే నేను చెప్పానని చెప్పండి.